నంబరు పడని తలుపు

మా ఆయన స్నానానికి వెళ్ళి ముప్పావుగంట అయింది. కుళాయి కారుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది గానీ చెంబు చప్పుడు లేదు. ఆ మనిషి లోపల స్నానం చెయ్యడం లేదని నాకు తెలుసు. ముందుగదిలో కూర్చున్న మా వదినకీ తెలుసు.

వదిన అంటే ఆయన అక్క. ఆయనకంటే పదకొండేళ్ళు పెద్దది. ఆదివారం పూట ఇంకా పాలు కూడా కాగకముందే వచ్చి, కుర్చీని స్నానాలగది తలుపుకి ఎదురుగా లాక్కుని కూర్చుంది. ఒళ్ళో మడతపెట్టిన కాగితం ఒకటి. నేనిచ్చిన టీ పక్కనే మీగడ కట్టి ఉంది.

"తాగండి వదినా, చల్లారిపోయింది."

"వాణ్ణి రానీ అమ్మాయ్. వాడితో కలిసి తాగుతా."

"మీరలా గుమ్మానికి అడ్డంగా కూర్చుంటే ఆయనెలా వస్తారు?"

"రాక చస్తాడా! చిన్నప్పుడు లెక్కల్లో సున్నా వచ్చినప్పుడు కూడా వీడిలాగే నీళ్ళగదిలో దాక్కున్నాడు. అప్పుడూ బయట కూర్చుంది నేనే. అమ్మ చెయ్యి వాడి మీద పడకుండా కాపలా కాశాను. ఇవాళ కాపలా కాదు. అంతే తేడా."

"ఇంట్లో ఎవరున్నారు మరి?"

"ఎవరుంటారు? పేలికతో తలుపు కట్టొచ్చాను. ఇస్త్రీ బాబాయిని ఓ కన్నేసి ఉంచమన్నాను."

వదిన ఇంటి తలుపుకి బయటి గొళ్ళెం ఊడిపోయి రెండేళ్ళయింది. కుట్టగా మిగిలిన గుడ్డపేలిక ఒకటి కడుతుంది, విప్పుతుంది. వడ్రంగిని పంపిస్తానన్నది నేనే. పంపలేదు. అలాంటి పనులు నా దగ్గర చాలానే పేరుకుపోయాయి లెండి.

సరే, ఆ కాగితం సంగతి. వదిన ఇరవై ఆరేళ్ళుగా అద్దెకుంటున్న వీధిని పడగొట్టి, అక్కడ రెండు వందల పదిహేను ఫ్లాట్ల భవనం కడుతున్నారు. ప్లానింగు ఆఫీసు పెట్టిన షరతు ఏమిటంటే, ఐదింట ఒక ఫ్లాటు తక్కువ ధరకి ఇవ్వాలి. అదీ ఎక్కడో కాదు, ఆ స్థలంలోనే. ముందు అక్కడ ఉంటున్నవాళ్ళకే. అంటే నలభై మూడు ఫ్లాట్లు. వీధిలో ఇళ్ళూ నలభై మూడే. కిందటివారం ఆఫీసు గోడకి అంటించిన జాబితాలో మాత్రం పేర్లు నలభై రెండు.

లేని పేరు మా వదినది. ఇల్లిల్లూ తిరిగి ఆ పేర్లు రాసుకున్న సర్వేయరు మా ఆయన.

కుళాయి ఆగింది. తలుపు తెరుచుకుంది. ఆయన భుజం మీద తువ్వాలుతో బయటికొచ్చి, అక్కని చూసి, తువ్వాలు తీసి మళ్ళీ భుజం మీదే వేసుకున్నారు.

"స్నానం బాగా చేశావురా తమ్ముడూ. తల కూడా తడవలేదు."

"అక్కా, టీ తాగు."

"నా పేరెందుకు లేదు?"

"చెప్తాను. ముందు..."

"నా పేరెందుకు లేదురా?" వదిన గొంతు పెంచలేదు. పెంచితే బాగుండుననిపించింది నాకు. "మీ సర్వేవాళ్ళు వస్తున్నారని రెండు రోజులు కుట్టుపని ఆపేసి ఇంటింటికీ తిరిగాను. ఇస్త్రీ బాబాయి పాత కాగితాలు పెట్టె అడుగునుంచి వెతికి తీసిందెవరు? నేను. మేడ మీద మామ్మని స్టూడియోకి తీసుకెళ్ళి ఫొటో తీయించిందెవరు? నేను. వాళ్ళందరి పేర్లూ ఉన్నాయి. జాబితా చూసొచ్చినప్పటినుంచీ వీధిలో ఎవరూ నా మొహం చూడటం లేదు. నవ్వితే నవ్వారులే అనుకునేదాన్ని. జాలి పడుతున్నారు."

ఆయన మంచం అంచున కూర్చున్నారు.

"ఆ రోజు నువ్వు మా ఇంటికి రాలేదా?"

"వచ్చాను."

"మంచినీళ్ళు తాగలేదా?"

"తాగాను."

"మరి నా తలుపు మీద నంబరెందుకు వెయ్యలేదు?"

ఇల్లు రాసుకోగానే తలుపు మీద సుద్దముక్కతో నంబరు వెయ్యడం వీళ్ళ పద్ధతి. వదిన ఇంటికి ఇటుపక్క తలుపు మీద పదిహేడు, అటుపక్క తలుపు మీద పద్దెనిమిది. మధ్యలో వదిన తలుపు మీద ఏమీ లేదు. వదిన అప్పుడు అడగనూ లేదు. తమ్ముడే రాసుకుంటుంటే మనకి నంబరేమిటిలే అనుకుంది.

"సొంత అక్క ఇల్లు నా చేత్తో నేను రాస్తే బాగోదనుకున్నాను," అన్నారాయన. "రేపెవరైనా వేలెత్తి చూపిస్తారని. మా ఆఫీసులో ఇంకో సర్వేయరున్నాడు. అతని చేత రాయించి, చివర్లో నలభై మూడు నంబరు వేయిద్దామనుకున్నా. అతనికి చెప్పాను కూడా. ఆ వారమే అతన్ని వేరే డివిజనుకి మార్చారు. వెళ్ళేముందు రాసే ఉంటాడనుకున్నాను నేను. మా అక్క కదా, నేనే రాసుకుని ఉంటాననుకున్నాడు వాడు."

"మొత్తానికి ఇద్దరూ అనుకున్నారన్నమాట."

"తప్పు నాదే అక్కా. పూర్తిగా నాదే."

నేను వంటగది గుమ్మంలో నిలబడి, ఒకసారి తుడిచిన గ్లాసునే మళ్ళీ తుడుస్తున్నాను. ఆయన "బాగోదనుకున్నాను" అన్నారు. "మా ఆవిడ బాగోదంది" అనలేదు.

అన్నది నేను. సర్వేకి బయల్దేరుతూ ఆయన సంబరంగా "ఇవాళ అక్క వాళ్ళ వీధే" అంటే, "అక్కయ్య ఇల్లు మాత్రం మీ చేత్తో రాయకండి. సొంతవాళ్ళకి రాసుకున్నాడంటారు" అన్నాను. నేను రైలు టికెట్ల కౌంటర్లో పనిచేస్తాను. ఒకసారి మా పిన్నికి వరస తప్పించి టికెట్టిచ్చానని మెమో ఇచ్చారు. ఆ మెమో వచ్చిన దగ్గర్నుంచి చుట్టాలంటే నాకు భయం. నీతి అని పైకి అనుకున్నాను గానీ, అది భయమే. ఆయనేమో నేను అంతా ఆలోచించే చెబుతానని నమ్మే మనిషి.

"సరే, తప్పయింది. ఎవరికి జరగవు తప్పులు?" వదిన కాగితం మడత విప్పింది. "ఇప్పుడు రాయి. నలభై మూడో ఫ్లాటు ఖాళీగానే ఉందిగా?"

"అలా కుదరదక్కా."

"ఎందుక్కుదరదు?"

"ఏదైనా ఇల్లు కావాలని వదిలేశారని తేలితే మొత్తం సర్వే చెల్లదు. ఒక్క ఇల్లయినా సరే. బిల్డరు తరఫు లాయరు ఏడాదిగా దాని కోసమే కాచుక్కూర్చున్నాడు. సర్వే చెల్లకపోతే మళ్ళీ చెయ్యాలి. ఈ నెలాఖరుకి మీరంతా ఖాళీ చేసి వెళ్ళిపోతారు. ఖాళీ ఇళ్ళల్లో ఎవర్ని రాస్తాం? అప్పుడు ఆ చవక ఫ్లాట్లేవో ఊరవతల కడతాను, పందొమ్మిది కిలోమీటర్ల దూరంలో నా స్థలం ఉంది అంటాడు బిల్డరు. ప్లానింగు కమిటీలో సగం మంది ఆ మాటకే ఎదురు చూస్తున్నారు."

"నేను అభ్యంతరం పెట్టేశానే! రేపు పదకొండింటికి రమ్మని ఈ కాగితం కూడా ఇచ్చారు."

"పెట్టేముందు నాతో ఒక్క మాట చెప్పాల్సింది."

"నా ఇల్లు వదిలేసేముందు నువ్వు చెప్పావా నాతో ఒక్క మాట?"

నా దగ్గరున్న జవాబు నేను చెప్పలేదు.

"రేపు కమిటీ నన్నే అడుగుతుంది," అన్నారాయన. "ఆ ఇల్లెందుకు వదిలేశావని."

"ఏం చెప్తావు?"

ఆయన తువ్వాలు అంచు నుంచి ఒక్కో దారం పీకుతూ కూర్చున్నారు.

అప్పుడే వీధి తలుపు చప్పుడైంది. ఇస్త్రీ బాబాయి. వదిన వీధి మొదట్లో ఇస్త్రీ బల్ల పెట్టుకున్న పెద్దమనిషి. చేతిలో మా ఆయన చొక్కాలు మూడు, మడత నలగకుండా రెండు చేతుల మీద పట్టుకుని వచ్చాడు.

"నువ్వొచ్చేశావా బాబాయ్? నా ఇంటినెవరు చూస్తున్నారు?" అంది వదిన.

"మీ పిన్ని కూర్చుందిలేమ్మా గుమ్మంలో. ఆవిణ్ణి దాటి ఈగ కూడా పోదు." చొక్కాలు నా చేతికిచ్చాడు. "ఇవి ఊరికే, తీసుకోమ్మా. సర్వేయరుగారి దయవల్ల రెండో అంతస్తులో వచ్చింది మాకు. డయాలిసిస్‌కి వారానికి రెండుసార్లు మీ పిన్నిని ఆ పక్క సందులోని ఆసుపత్రికి నడిపించుకు పోతాను. ఊరవతలకి తోసేస్తారేమోనని ఏడాది నిద్రలేదు బాబూ. అంత దూరం నుంచి ఆవిణ్ణి బస్సుల్లో ఎలా తీసుకురాను? ఎన్నాళ్ళు తీసుకురాను?"

మా ఆయన తల ఎత్తలేదు. బాబాయి అది వినయం అనుకున్నాడు.

"నువ్వేం బెంగ పెట్టుకోకమ్మా," అన్నాడు వదినతో. "రేపు వీధి వీధంతా వస్తున్నాం నీ కోసం. తమ్ముడు మీ ఇంటికి రావడం, నువ్విచ్చిన నీళ్ళు తాగడం, నంబరెయ్యకుండా వెళ్ళడం నేను ఈ కళ్ళతో చూశాను. ఆ మాట గట్టిగా చెప్తాను. నాకేం భయం?"

వదిన ఒక్కసారిగా లేచి నిలబడింది.

"వద్దు బాబాయ్. రేపెవరూ ఏమీ మాట్లాడొద్దు."

"అదేమిటమ్మా!"

"మాట్లాడొద్దంటే మాట్లాడొద్దు. వస్తే వచ్చి కూర్చోండి. నోరు విప్పితే నా మీద ఒట్టే."

బాబాయి ముగ్గురి మొహాలూ చూశాడు. ఏమీ అర్థం కాక, చొక్కాల గుండీలు జాగ్రత్తమ్మా అని నాకు చెప్పి వెళ్ళిపోయాడు.

వదిన చల్లారిపోయిన టీ మీగడతో సహా ఒక్క గుక్కలో తాగేసింది. గ్లాసు నా చేతికిచ్చింది. కుట్టుకి ముందు గుడ్డ చూసినట్టు ఆ కాగితాన్ని ఇటూ అటూ తిప్పి చూసింది.

"తమ్ముడూ, మీరొచ్చినప్పుడు ఇంటికి తాళం ఉంటే ఏం రాస్తారు?"

"తాళం అని రాస్తాం. ఇంకోసారి వెళ్తాం. అప్పుడూ తాళమే ఉంటే ఆ ఇల్లు లెక్కలోకి రాదు."

"అప్పుడు సర్వేకి తప్పు రాదుగా?"

"రాదు. తప్పు ఇంట్లో లేనివాళ్ళది."

"అయితే నా ఇంటికి తాళం వేసుంది."

"అక్కా!"

"రెండుసార్లూ వేసుంది."

"నీ చేతి నీళ్ళు తాగి, నువ్వు లేవని నేను చెప్పాలా? ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఒక్క గోడ కొలత తప్పు రాయలేదు నేను."

"నువ్వు రాయొద్దు. చెప్పనూ వద్దు. అభ్యంతరం పెట్టింది నేను, నేనే చెప్తాను. నువ్వు మాత్రం నోరు మూసుకుని కూర్చో."

"నీ ఇల్లు పోతుందక్కా."

"తెలుసురా." వదిన గొంతు అప్పుడు మారింది. "నాకేదో ఇల్లక్కర్లేదనుకునేవు. కావాలి. నువ్వు చూపించిన ప్లానులో ఆ తూర్పు కిటికీ ఉంది చూడూ, దాని కింద మిషను పడుతుందో లేదోనని టేపుతో కొలుచుకున్నాను. నాలుగు వేళ్ళు మిగులుతోంది కూడా. కళ్ళు మసకబారుతున్నాయి, ఆ వెలుగైతే ఇంకో పదేళ్ళు కుట్టొచ్చనుకున్నాను. ఏం చెయ్యను? ఆ పిన్నిని చూస్తూ చూస్తూ ఊరవతలకి పంపనా?"

మా ఆయన ఏడ్చారు. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో ఆయన ఏడవడం నేను చూడలేదు. ఎలా ఓదార్చాలో తెలియక, ఆ తువ్వాలే తీసి చేతికిచ్చాను.

"దర్జీదాన్ని," అంది వదిన చెప్పులు వేసుకుంటూ. "రోజూ నా చేతిలో సుద్దముక్క ఉంటుంది. ఆ నంబరేదో నేనే వేసుకున్నా పోయేది."

బస్‌స్టాపు దాకా వస్తానని నేనూ చెప్పులేసుకున్నాను.

దారిలో పూర్తయిన పెద్ద పెద్ద భవనాల పక్కనుంచి నడిచాం. ఒకదానికి రెండు గేట్లున్నాయి. చవక ఫ్లాట్లవాళ్ళకి వెనకాల గేటట. "మాకు మాత్రం ఒకే గేటు, మీ ఆయనే పట్టుబట్టి రాయించాడు," అంది వదిన. 'మాకు' అని అన్నాక ఆగింది. తర్వాత నడక కాస్త వేగం పెంచింది.

"వదినా, మీతో ఒక మాట చెప్పాలి."

"చెప్పు."

"ఆ రోజు మీ ఇల్లు రాయొద్దన్నది ఆయన కాదు. నేను."

వదిన నడక ఆపలేదు. నేను పక్కనే నడుస్తూ అంతా చెప్పేశాను. మెమో సంగతి, భయం సంగతి, మళ్ళీ ఒక్కసారి కూడా గుర్తుచెయ్యని సంగతి. బస్‌స్టాపు బల్ల మీద కూర్చున్నాక కూడా చెబుతూనే ఉన్నాను. తిడుతుందేమోనని చూశాను. తిట్టి ఉంటే ఆ రాత్రయినా నాకు నిద్రపట్టేది.

"నువ్వన్నదాంట్లో తప్పేం లేదమ్మాయ్," అంది చివరికి. "వాడు రాస్తే నిజంగానే వేలెత్తేవాళ్ళు."

"వదినా..."

"ఆ మాటేదో నాతో కూడా అనుంటే సరిపోయేది. నేనే ఆఫీసుకెళ్ళి ఇంకొకర్ని పిలుచుకొచ్చి రాయించుకునేదాన్ని. అరపూట పని."

అంతే. అరపూట పని. నేను ఆమె ఇంటికి నెలకి రెండుసార్లు వెళ్ళేదాన్ని. జాకెట్లు కుట్టించుకున్నాను, కూర్చుని కబుర్లు చెప్పాను, ఎవరెవరి మీదో చాడీలు చెప్పాను. ఈ ఒక్క మాట చెప్పలేదు. బస్సు వచ్చింది. ఎక్కుతూ వదిన వెనక్కి తిరిగి, "వాడికి అన్నం పెట్టు. పస్తుంటాడు, నాకు తెలుసు వాడి సంగతి," అంది.

సోమవారం పదకొండింటికి ప్లానింగు ఆఫీసు పెద్దగది నిండిపోయింది. వీధి వీధంతా వచ్చింది. వెనక వరసలో ఇస్త్రీ బాబాయి ఇస్త్రీ చేసిన చొక్కాలో నిటారుగా కూర్చున్నాడు. ఎదురుగా కమిటీ అధ్యక్షురాలు, కళ్ళద్దాలు ముక్కు మీదికి జారిన పెద్దావిడ. పక్కన బల్ల దగ్గర బిల్డరు లాయరు. కోపిష్టి మనిషి అనుకున్నాను గానీ ఆయన మాట వెన్నలా ఉంది. నాకు అందుకే ఇంకా భయమేసింది.

"అమ్మా, మీ ఇల్లు సర్వేలో వదిలేశారని రాశారు. చెప్పండి," అంది అధ్యక్షురాలు.

"వదిలెయ్యలేదండీ. పొరపాటున రాశాను. ఆ రోజు నేను ఇంట్లో లేను. తాళం వేసి వెళ్ళాను."

వెనకనుంచి గుసగుసలు. లాయరు మెల్లగా లేచాడు.

"రెండోసారి వచ్చినప్పుడమ్మా?"

"అప్పుడూ తాళమే."

"సర్వేయరుగారు మీ సొంత తమ్ముడు కదా?"

"అవునండీ."

"సొంత తమ్ముడు సర్వేకి వస్తున్నాడని తెలిసి కూడా తాళం వేసుకుని వెళ్ళారా? రెండుసార్లూ?"

"తమ్ముడైతే ఏమిటండీ? కోపం వచ్చింది, వెళ్ళాను."

"ఎందుకొచ్చిందమ్మా కోపం?"

"అది మా ఇంటి గొడవ. మీ ఇంట్లో గొడవలు నేనడిగానా?"

గదిలో నవ్వులు. అధ్యక్షురాలు కూడా నవ్వు దాచుకోవడానికి కళ్ళద్దాలు సర్దుకుంది. లాయరు కూడా నవ్వాడు. నవ్వి, చేతిలోని చిన్న పుస్తకంలో ఏదో రాసుకున్నాడు.

ఇస్త్రీ బాబాయి లేవబోయాడు. వదిన మెడ తిప్పి ఒక్క చూపు చూసింది. సగం లేచినవాడు సగంలోనే కూర్చున్నాడు.

"సర్వేయరుగారూ," అంది అధ్యక్షురాలు. "ఆవిడ చెప్పింది నిజమేనా?"

మా ఆయన లేచి నిలబడ్డారు. గోడమీది గడియారం ముల్లు కదలడం నేను చూశాను. అవునంటే అక్కని లేకుండా చేసినట్టు. కాదంటే వీధిని లేకుండా చేసినట్టు. వదిన ఆయన వైపు చూడటం లేదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని, చూపుడువేలితో బొటనవేలి మీది పాత సూదిగుచ్చుళ్ళు తడుముకుంటోంది.

"ఆవిడ చెప్పినట్టే రాసుకోండి మేడమ్," అన్నారాయన.

అభ్యంతరం కొట్టేశారు. నలభై రెండు పేర్ల జాబితా మీద శుక్రవారం సంతకాలు. ఎవరూ లేని నలభై మూడో ఫ్లాటు తిరిగి బిల్డరుకే.

బయటికొచ్చాక ఇస్త్రీ బాబాయి వదిన చెయ్యి పట్టుకున్నాడు. "ఎందుకమ్మా ఆ అబద్ధం? నేను చూశానుగా, నీళ్ళిచ్చావు నువ్వు."

"నువ్వు చూసింది నన్ను కాదు బాబాయ్. నీకు చూపు తగ్గింది, పిన్నితో పాటు ఆసుపత్రిలో చూపించుకో," అని నవ్వేసింది వదిన. బాబాయికి ఆ నవ్వులోనే అర్థమైంది. నడివీధిలో నిలబడి పెద్దగా ఏడ్చాడు పాపం.

బుధవారం నేను సెలవు పెట్టి వదిన ఇల్లు సర్దడానికి వెళ్ళాను. మా ముందుగదిలోకి వచ్చేస్తానంది. మంగళవారమంతా మా ఆయన ఆ గది కిటికీని టేపుతో కొలుస్తూనే ఉన్నారు. ఎన్నిసార్లు కొలిచినా అది పడమటి కిటికీయే. సోమవారం ఆఫీసునుంచి వచ్చిన దగ్గర్నుంచీ అక్క ఫోను చేసినా ఎత్తలేదు, నాతోనూ మాట్లాడలేదు. నన్నొక్క మాట కూడా అనకపోవడమే నాకు శిక్షగా ఉంది.

నేను వెళ్ళేసరికి వదిన దారం కొనడానికి సందు చివరికి వెళ్ళింది. తలుపుకి కట్టిన పేలిక ముడి విప్పుకుని లోపలికెళ్ళి, పేలిక చేతికి చుట్టుకుని గిన్నెలు సర్దడం మొదలుపెట్టాను. ఇంతలో వదినా వచ్చింది. ఇద్దరం కలిసి కుట్టుమిషను పైభాగం విప్పి గోనెపట్టాలో చుడుతున్నాం.

"నూనె డబ్బా విడిగా పెట్టు. కారిందంటే నీ చీరలన్నీ నాకే ఉతకాల్సొస్తుంది," అంది. మూడు రోజుల తర్వాత నాతో వేసిన మొదటి హాస్యం. ప్రాణం లేచొచ్చింది నాకు.

వీధిలో మాటలు వినిపించాయి. లాయరు. వెంట మెడలో కెమెరాతో ఒక మనిషి.

"నమస్కారమమ్మా. పడగొట్టేముందు ప్రతి ఇంటికీ ఫొటో తీసి ఫైల్లో పెట్టాలి, అందుకే వచ్చాం. మీ పని మీరు చేసుకోండి."

పదిహేడు నంబరు తలుపుకి ఫొటో తీశారు. పద్దెనిమిదికి తీశారు. తర్వాత వదిన తలుపు దగ్గరికొచ్చి ఆగారు. లాయరు తలుపుని బయటినుంచి దగ్గరికి లాగాడు. అది నిలవకుండా మెల్లగా మళ్ళీ తెరుచుకుంది. ఇంకోసారి లాగాడు. మళ్ళీ తెరుచుకుంది.

వంగి చూశాడు. ఒకప్పుడు గొళ్ళెం ఉన్నచోట నాలుగు చిల్లులు, వాటిని ఎప్పుడో వేసిన రంగు పూడ్చేసింది. వేలితో ఆ రంగుని నెమ్మదిగా రుద్దాడు.

నా చేతిలోంచి నూనె డబ్బా జారిపోయింది. ఆదివారం ముగ్గురం అంతసేపు కూర్చుని తాళం తాళం అనుకున్నాం. ముగ్గురికీ ఈ తలుపు తెలుసు. వడ్రంగిని పంపిస్తానని రెండేళ్ళుగా చెబుతున్నది నేను. మాలో ఒక్కరికీ తట్టలేదు.

"ఇటు రా, దీన్ని దగ్గర్నుంచి తియ్యి," అన్నాడు లాయరు కెమెరా మనిషితో. తర్వాత లోపలికి చూసి, సోమవారం నాటి మెత్తటి గొంతుతోనే అడిగాడు.

"అమ్మా, రెండుసార్లు తాళం వేసి వెళ్ళానన్నారు. ఈ తలుపుకి తాళం ఎక్కడ వేస్తారో కాస్త చూపిస్తారా?"

వదిన నా వైపు చూసింది. అటుపక్క గుమ్మంలో ఇస్త్రీ బాబాయి, ఆసుపత్రికి బయల్దేరదీసిన పిన్ని చెయ్యి పట్టుకుని నిలబడిపోయాడు.

లాయరు చూపు వదిన మొహం మీద నుంచి నా మీదికి, నా మీద నుంచి నా చేతికి చుట్టి ఉన్న గుడ్డపేలిక మీదికి వచ్చింది.

"పోనీ, మీకు తెలుసా అమ్మా?" అన్నాడు నాతో.